గ్రామ పనిశాలకు కాలిపర్: ఎంపిక, వాడుక

(వికారాబాదు, తాండూరు ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశములలో రోడ్లను గూర్చి, మురుగు కాలువలను గూర్చి, వీధి దీపములను గూర్చి మాటలాడుకొనుట పరిపాటి. నేడు మేము జానెడు పొడవు గల ఒక ఉక్కు పనిముట్టును గూర్చి చెప్పదలచినాము. అదియే వెర్నియర్ కాలిపర్. ఇంత చిన్న వస్తువు పంచాయతీ సభ్యుల దృష్టికి రావలసినంతటిదా యని మీరు సందేహింపవచ్చును. మేము కండ్లార చూచిన ఒక సంగతిని ముందుగా మనవి చేసెదము.

కొంతకాలము క్రిందట మేమొక గ్రామమునకు పోయినప్పుడు నీళ్ల ట్యాంకు క్రింద బిందెలు బారులు తీరి యుండెను. సంపు నుండి ట్యాంకునకు నీరెక్కించు పంపు ఆగిపోయి నాలుగు దినములైనదని స్త్రీలు చెప్పిరి. ఆ పంపును అంతకు నెల దినముల ముందే బాగు చేయించి యుండిరి. షాఫ్టు అరిగిపోగా వెల్డింగు పోయించి, లేతు మీద తిరిగి 20 మిల్లీమీటర్లకు తీయించి, క్రొత్త బేరింగు ఎక్కించిరి. ఆ బేరింగు షాఫ్టును గట్టిగా పట్టుకొనలేదు. బిగువు చాలుటకై లేతు పనివాడు షాఫ్టు మీద పంచితో గాట్లు పెట్టెను. ఆ గాట్లు కొద్ది దినములలోనే అరిగిపోయినవి. షాఫ్టు బేరింగు లోపల జారి తిరిగి, వేడెక్కి, తుదకు బిగుసుకొనిపోయినది. పంచాయతీ ఒకే పనికి రెండుమార్లు డబ్బు చెల్లింపవలసి వచ్చినది.

మేము ఆ పనివానితో మాటలాడితిమి. అతడు నిజాయితీపరుడు, పని తెలిసినవాడు. తన కాలిపర్‌ను తెచ్చి చూపెను. దాని దవడలు పూర్తిగా మూసినప్పుడు సున్న చూపవలెను గదా, అది 0.2 మిల్లీమీటరు చూపుచుండెను! ఎప్పుడో నేలమీద పడి దాని చిన్న స్కేలు పలక కొంచెము జరిగినది. దానిలో 20 అని కనబడినప్పుడు షాఫ్టు నిజముగా నున్నది 19.8 మాత్రమే. ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని మన సామెత. కాని ఒక్కొక్కప్పుడు మద్దెలయే ఓడుగా నుండును. అర నిమిషములో కనిపెట్టదగిన ఆ లోపము గ్రామమునకు నాలుగు దినముల నీటిని పోగొట్టినది.

ఈ ప్రాంతమునకు దీని అవసరము

వికారాబాదు జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. ఈ జిల్లాలో పొలముల వెంట మోటార్లు, ఊరూర పిండిమరలు, ట్రాక్టరు సామగ్రి బాగుచేయు చిన్న చిన్న షెడ్లు కలవు. తాండూరు ప్రాంతమున నాపరాతి గనులు, బండలు కోయు మిషనులు, పాలిషు మిషనులు అనేకము. 1874లో సికింద్రాబాదు, వాడి రైలు మార్గము తాండూరు మీదుగా వెళ్లిననాటి నుండి ఈ రాయి దూరప్రాంతములకు పోవుటకు దారి ఏర్పడినది. ఇన్ని యంత్రములున్న చోట అరిగిన షాఫ్టులు, జారిన బేరింగులు, సరిపడని బోల్టులు తప్పవు. వాటిని బాగుచేయువారిలో చాలమంది ఇంటి ముందరి రేకుల షెడ్డులోనే పని చేసికొను స్వల్ప పెట్టుబడిదారులు. వారికి మిక్కిలి ఖరీదైన పరికరము కొనుటకు శక్తి చాలదు. మిక్కిలి చవుకైన దానిని కొన్నచో పని చెడును. ఈ రెంటికి నడుమ మార్గమేదో తెలిసికొనుటయే మన విషయము.

కాలిపర్ పనిచేయు విధము

పియర్ వెర్నియర్ అను ఫ్రెంచి దేశస్థుడు 1631లో ఈ చిన్న స్కేలు ఉపాయమును ప్రకటించెను. అతని పేరే దీనికి నిలిచినది. 1851లో అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ అను యంత్రకారుడు సామాన్య పనివాడు కొనగలుగునట్లు దీనిని తయారుచేసి అమ్మకమునకు పెట్టెను. నాటినుండి ఇది పనిశాలలలోనికి ప్రవేశించినది.

దీనికి రెండు స్కేళ్లు కలవు. పెద్దది ప్రధాన స్కేలు. జరుగునది వెర్నియర్ స్కేలు. క్రింది దవడలతో వెలుపలి కొలత, పైనున్న చిన్న దవడలతో రంధ్రపు లోపలి కొలత, వెనుకనుండి వచ్చు సన్నని కడ్డీతో లోతు కొలువవచ్చును. చదువుట కష్టము కాదు. వెర్నియర్ సున్న గీతకు ఎడమవైపున ప్రధాన స్కేలు మీద 24 మిల్లీమీటర్లున్నవనుకొందము. వెర్నియర్ గీతలలో 18వది ప్రధాన స్కేలు గీతతో సూటిగా కలిసినదనుకొందము. పరికరపు కనీసపు కొలత 0.02 మిల్లీమీటరైనచో, 18ని 0.02తో హెచ్చింపగా 0.36 వచ్చును. మొత్తము 24.36 మిల్లీమీటర్లు. మన పిల్లలు ఇంటర్మీడియేటు భౌతికశాస్త్ర ప్రయోగములలో దీనిని నేర్చుచున్నారు. అక్షరము రాని కమ్మరికి ఇంటిలోని బిడ్డయే ఒక సాయంకాలము కూర్చుండి నేర్పవచ్చును.

మన పల్లెలలో నేటికిని సూతుల లెక్క వాడుకలో నున్నది. అంగుళములో ఎనిమిదవ వంతు ఒక సూతు, అనగా 3.175 మిల్లీమీటర్లు. 1956లో మన దేశమున తూనికలు కొలతల చట్టము వచ్చి, 1958 నుండి మెట్రిక్ పద్ధతి అమలునకు వచ్చినది. అయినను పాత యంత్రములు అంగుళములలోను, క్రొత్త యంత్రములు మిల్లీమీటర్లలోను ఉండుటచేత చిక్కు కలుగుచున్నది. నాలుగు సూతుల బోల్టు 12.7 మిల్లీమీటర్లు, మెట్రిక్ బోల్టు 12 మిల్లీమీటర్లు. కంటికి రెండును ఒకటిగానే కనబడును. ఒకదాని నట్టును వేరొకదానికి బలవంతముగా ఎక్కించినచో మర చెడిపోవును. కాలిపర్ ఈ భేదమును క్షణములో చెప్పును.

ఏ పనికి ఎంత సూక్ష్మత?

కొనుటకు ముందు ప్రతివాడును తన్ను తాను అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: నా పనిలో ఎంత తేడా వచ్చినచో నష్టము?

నాపబండ మందము కొలుచువానికి అర మిల్లీమీటరు తేడా లెక్కలోనికి రాదు. ఏలయన రాతి తలమే ఎగుడు దిగుడుగా నుండును. అతనికి ఉక్కు స్కేలు గాని, చవుక కాలిపర్ గాని చాలును. మంచి కాలిపర్‌ను రాతిపనిలో పెట్టుట నష్టమే. రాతిపొడి దవడలను ఆకురాయివలె అరుగదీయును. పాలిషు మిషను షాఫ్టును బాగుచేయు లేతు పనివానికి మాత్రము మంచిది కావలెను. కనుక ఒకే షెడ్డులో ఈ రెండు పనులును జరుగుచో, రాతికొకటి, ఇనుమునకొకటి వేరుగా ఉంచుట మేలు.

బేరింగు కూర్చుండు షాఫ్టు విషయమున మరియొక హెచ్చరిక. అట్టి చోట కొలత మిల్లీమీటరులో నూరవ వంతు వరకు సరిగా నుండవలెను. కాలిపర్ అంత నమ్మకముగా చెప్పలేదు. కాలిపర్‌తో దగ్గరకు తెచ్చి, తుది కొలతను మైక్రోమీటరుతో చూడవలెను. మోటారు చుట్టు రాగి తీగెకును మైక్రోమీటరే తగినది. 0.50 మిల్లీమీటరు తీగెకు బదులుగా 0.45 తీగె చుట్టినచో రాగి అయిదవ వంతు దాక తగ్గిపోవును. తీగె వేడెక్కి మోటారు త్వరలోనే కాలిపోవును.

పంచాయతీ సభ్యులకు నేరుగా పనికివచ్చునది ప్లాస్టిక్ నీటి గొట్టముల తనిఖీ. 63, 75, 90, 110 మిల్లీమీటర్లు అను సంఖ్యలు గొట్టపు వెలుపలి కొలతలు. ఒకే వెలుపలి కొలత గల గొట్టములలో ఎక్కువ పీడనమును తట్టుకొనునది దళసరి, తక్కువ తట్టుకొనునది పలుచన. పైనుండి చూచిన రెండును ఒకటియే. కోసిన చివర నాలుగుచోట్ల గోడ మందమును దవడల సన్నని కొనలతో కొలిచి, తాగునీటి గొట్టములకు గల ఐ.ఎస్. 4985 ప్రమాణపు పట్టికతో పోల్చి చూడుడు. భూమిలో పూడ్చిన తరువాత చూచుటకు ఏమియు మిగులదు.

ఇనుప ఊసల విషయములో మాత్రము కాలిపర్‌ను నమ్మకుడు. ఊసల మీద గట్లుండుటచే దవడలు ఎక్కడ పట్టినదానిని బట్టి కొలత మారును. వాటిని తూచుటయే సరియైన పద్ధతి. ఊస కొలతను అదే సంఖ్యతో హెచ్చించి 162తో భాగించినచో మీటరు పొడవునకు బరువు కిలోలలో వచ్చును. 12 మిల్లీమీటర్ల ఊస మీటరునకు సుమారు 0.89 కిలో, 10 మిల్లీమీటర్లది సుమారు 0.62 కిలో తూగవలెను.

మూడు రకములు

బజారులో ముఖ్యముగా మూడు రకములు దొరకును. మొదటిది గీతలు గల సామాన్య వెర్నియర్. రెండవది గడియారపు ముల్లు గల డయల్ రకము. మూడవది అంకెలు చూపు డిజిటల్ రకము.

డిజిటల్ రకము చదువుటకు సులభము. చవుకలో దొరకునవియు కలవు. కాని రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. తెరమీద 0.01 వరకు అంకె కనబడినంత మాత్రమున ఆ కొలత అంతవరకు నిజమని అర్థము కాదు. సామాన్యముగా 150 మిల్లీమీటర్ల కాలిపర్‌లో 0.02 లేక 0.03 మిల్లీమీటరు అటునిటు ఉండుట సహజము. ఇక చవుక రకములలో చాలవాటికి తెర ఆర్పినను లోపల కొంత విద్యుత్తు ఖర్చగుచునే యుండును. అవసరమైన వేళకు బ్యాటరీ అయిపోవును. నీటి తుంపర, నూనె తడి స్కేలు మీద పడినచో అంకెలు గంతులు వేయును. నీటిని తట్టుకొను రకములు కలవు గాని, వాటి ధర అనేక రెట్లు.

డయల్ రకమునకు బ్యాటరీ అక్కరలేదు. ముల్లు స్పష్టముగా చూపును. కాని లోపలి సన్నని పండ్లలో రాతిపొడి గాని, ఇనుప రజను గాని చేరినచో ముల్లు ఒక పన్ను దాటి తప్పు చూపును. తాండూరు రాతి షెడ్లకు ఇది తగదు.

సామాన్య వెర్నియర్‌లో చెడుటకు అవకాశములు తక్కువ. దుమ్ము పడినచో తుడిచి వాడుకొనవచ్చును. తడిసినచో ఆరబెట్టి నూనె రాయవచ్చును. తొలిసారి కొనువానికి మేము చెప్పునది ఇదియే: 150 మిల్లీమీటర్ల పొడవు, గట్టిపరచిన తుప్పుపట్టని ఉక్కు, లోతు కడ్డీ, బిగించు మర గల వెర్నియర్ కాలిపర్. 0.02 రకములో గీతలు దట్టముగా నుండును. చత్వారము వచ్చిన పెద్దలకు 0.05 రకము సుఖము. తప్పుగా చదివిన 0.02 కంటె సరిగా చదివిన 0.05 మేలు. మెరయు పూత గల దానికంటె కాంతిని తిరుగగొట్టని మసక పూత గల స్కేలు ఎండలో బాగుగా కనబడును. ప్లాస్టిక్ కాలిపర్ చెక్కపనికిని, పిల్లల అభ్యాసమునకును చాలును. ఇనుప పనికి చాలదు. మన దేశమున కాలిపర్లకు ఐ.ఎస్. 3651 అను ప్రమాణము కలదు. ఆ సంఖ్య పేర్కొని అమ్మువానిని అడుగుడు.

కొనునప్పుడు చేయవలసిన పరీక్షలు

అంగడిలో డబ్బు చెల్లించుటకు ముందు ఈ అయిదు పరీక్షలు చేయుడు.

ఒకటి: దవడలను గుడ్డతో తుడిచి, మూసి, వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. నడుమనుండి వెలుతురు కనబడరాదు.

రెండు: మూసియున్నప్పుడు వెర్నియర్ సున్న గీత ప్రధాన స్కేలు సున్నతో కలియవలెను. వెర్నియర్ చివరి గీతయు ప్రధాన స్కేలు గీత ఒకదానితో సరిగా కలియవలెను. సున్న కలియక ఎంత చూపునో అదియే శూన్యాంశ దోషము.

మూడు: జరుగు భాగము మొదటినుండి చివరివరకు ఒకే బిగువుతో నడువవలెను. ఒకచోట వదులు, ఒకచోట పట్టు ఉన్నచో అది వంకర స్కేలు.

నాలుగు: దవడను పట్టి మెల్లగా అటునిటు ఆడింపుడు. ఊగులాట ఉండరాదు.

అయిదు: తెలిసిన కొలత గల వస్తువును కొలిచి చూడుడు. ఇందుకు ఖరీదైన ప్రమాణపు దిమ్మెలు అక్కరలేదు. ఒక క్రొత్త బేరింగు చాలును. 6203 అను సంఖ్య గల బేరింగు లోపలి కొలత 17 మిల్లీమీటర్లు, వెలుపలి కొలత 40 మిల్లీమీటర్లు. మంచి తయారీదారులు వెలుపలి కొలతను మిల్లీమీటరులో నూరవ వంతు పరిధిలో ఉంచుదురు. కావున మీ కాలిపర్ 39.98 నుండి 40.02 లోపల చూపినచో నమ్మవచ్చును. వెడల్పు 12 మిల్లీమీటర్లని వ్రాసియున్నను దానిని పరీక్షకు వాడకుడు. వెడల్పులో పదవ వంతు మిల్లీమీటరు వరకు తగ్గుదలను ప్రమాణమే అనుమతించును. ఆ బేరింగును నూనె కాగితములో చుట్టి పెట్టెలో ఉంచుకొన్నచో, ప్రతి నెలా పరీక్షకు పనికివచ్చును.

వాడుకలో జాగ్రత్తలు

కొలువబోవు వస్తువును దవడల కొనలతో గాక, స్కేలునకు దగ్గరగా నుండు భాగముతో పట్టవలెను. కొనలతో పట్టి గట్టిగా నొక్కినచో దవడ వంగి కొలత తగ్గును. తిరుగుచున్న పనిని ఎన్నడును కొలువరాదు. దవడలు అరుగుటయే గాక చేతికే ప్రమాదము. లేతు మీద అప్పుడే తీసిన షాఫ్టు వేడిగా నుండును. 100 మిల్లీమీటర్ల ఉక్కు 20 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 0.02 మిల్లీమీటరు పెరుగును. చల్లారిన పిమ్మట కొలువవలెను. కాలిపర్‌ను స్పానరుగా బిగించుటకు గాని, ఇనుముమీద గీతలు గీయుటకు గాని వాడరాదు. పని ముగిసిన తరువాత తుడిచి, పలుచగా నూనె రాసి, పెట్టెలో పెట్టవలెను. క్రింద పడినప్పుడెల్ల సున్నను తిరిగి చూడవలెను.

ఎక్కువ ఖచ్చితమైన పనులు చేయువారు అప్పుడప్పుడు ప్రమాణపు దిమ్మెలతో సరిచూపించుకొనుట మంచిది. హైదరాబాదు బాలానగరులో 1968లో స్థాపితమైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి సంస్థ మనకు రైలు దూరములోనే యుండుట ఈ ప్రాంతమునకు ఒక సౌకర్యము.

పంచాయతీ చేయదగిన సహాయము

2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వము పి.ఎం. విశ్వకర్మ పథకమును ప్రారంభించినది. దానిలో 18 వృత్తులు చేర్చబడినవి. వడ్రంగి, కమ్మరి, తాళములు చేయువారు, సుత్తులు పనిముట్లు చేయువారు, రాతి పనివారు, తాపీ పనివారు అందు కలరు. శిక్షణ పొందినవారికి పనిముట్ల నిమిత్తము 15,000 రూపాయల వరకు ఈ-వోచరు, 5 శాతము వడ్డీపై మొదట లక్ష రూపాయల వరకును, దానిని తీర్చిన పిమ్మట రెండు లక్షల వరకును ఋణము ఏర్పాటు చేయబడినవి. కుటుంబమునకు ఒక్కరే అర్హులు. ఈ దరఖాస్తులలో మొదటి పరిశీలన గ్రామ పంచాయతీదే. నిజముగా ఆ వృత్తి చేయువాడెవడో మీకు తెలిసినట్లు పై అధికారులకు తెలియదు. మీ యాలస్యము వలన ఒక కమ్మరి దరఖాస్తు ఆగిపోకుండునట్లు చూచుట మీ బాధ్యత. లేతు పని, మోటారు చుట్టుపని ఆ పట్టికలో లేవు. అట్టివారు ఇద్దరు ముగ్గురు కలిసి మైక్రోమీటరును ఉమ్మడిగా కొనుక్కొని, కాలిపర్‌ను మాత్రము ఎవరిది వారు ఉంచుకొనుట యుక్తము.

పంచాయతీ కార్యాలయములో కూడ ఒక కాలిపర్ ఉండుట మంచిది. క్రొత్త గొట్టములు దిగినప్పుడు, పంపు మరమ్మతై వచ్చినప్పుడు, సభ్యుడొకడు దానిని చేతబట్టి కొలిచి, ఆ కొలతను రిజిష్టరులో వ్రాయించినచో, సరఫరాదారుడును పనివాడును జాగ్రత్త వహింతురు. ఇది ఎవరిమీదను అనుమానము కాదు. ధాన్యమును కాటా వేసి తీసికొనునపుడు మనము రైతును అనుమానించుట లేదు గదా!

మొదట చెప్పిన ఆ గ్రామమునకు మేము తరువాత మరియొకసారి పోయితిమి. ఆ లేతు పనివాడు క్రొత్త వెర్నియర్ కొనెను. ఉదయము షెడ్డు తెరువగానే దవడలు మూసి సున్న చూచుకొనుట అలవాటు చేసికొన్నానని చెప్పెను. పంచి గాట్లు పెట్టుట మానినాడు. పంపు నడుచుచున్నది. ట్యాంకు క్రింద బిందెలు లేవు.

మీరు గ్రామములకు తిరిగి వెళ్లిన పిమ్మట మీ ఊరి షెడ్డుకు ఒకసారి పోయి, అక్కడి కాలిపర్ దవడలు మూయించి చూడుడు. అది సున్న చూపినచో సంతోషింపుడు. చూపనిచో, మీ ఊరి పంపు ఆగిపోవుటకు ముందే ఆ సంగతి తెలిసినందుకు మరింత సంతోషింపుడు.